ఎంత బిగించాలో ఎరిగిన చేయి

ఇంజను ఆయిలు కారుతోందంటే ఎవరికైనా ముందుగా చేతికొచ్చేది పానా. ఎక్కడో బోల్టు వదులై ఉంటుంది, ఇంకో చుట్టు తిప్పితే ఆగిపోతుందన్న నమ్మకం. అది పారకపోతే గమ్ము ట్యూబు. ఈ రెండూ చేసే నిర్వాకం ఏ షెడ్డుకు వెళ్లినా కనిపిస్తుంది: మరలు చెడిన రంధ్రాలు, బోల్టుల చుట్టూ సొట్టపోయిన చాంబరు రేకులు, అతుకుల దగ్గర ఎండి వేలాడే గమ్ము పేలికలు. బయటికి పొంగిన గమ్ముతో వచ్చే నష్టమేమీ లేదు. లోపలికి పొంగినదే ఎప్పుడో ఊడిపోయి, ఆయిలు పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. నేల మీద పడే చుక్కను ఆపబోయి బేరింగులకు ఆయిలు అందకుండా చేసినట్టవుతుంది.

మా పెద్దమ్మ కొడుకు తన డీజిల్ పికప్‌కు ఇంటి దగ్గరే చేసుకున్న మరమ్మతు చూశాక ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది. అన్నయ్య పెరిగింది విజయవాడ ఆటోనగర్‌లో, పెదనాన్న లారీ షెడ్డులో. కంప్యూటర్ల చదువు చదివి డాలస్ శివార్లలో స్థిరపడ్డాడు. అమెరికాలో చాలా కాలనీల్లో ఇంటి ముందు బండి విప్పితే ఇంటి యజమానుల సంఘం నోటీసు పంపుతుంది. ఆ బెడద లేని పాత పేట వెతుక్కుని మరీ ఇల్లు కొన్నాడని వదిన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

బండి 1996 మోడలు డాడ్జ్ రామ్ 2500. బానెట్ కింద ఉన్నది కమిన్స్ వారి బి సిరీస్ ఇంజను: వరసగా ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు, సిలిండరుకు రెండేసి వాల్వులు. 1989లో డాడ్జ్ వాళ్లు దీన్ని పికప్‌లో పెట్టేనాటికే ఇది బరువు పనులకు పుట్టిన ఇంజను. మనకూ పరాయిది కాదు. 1993లో టాటా, కమిన్స్ కలిసి కంపెనీ పెట్టుకుని జంషెడ్‌పూర్‌లో తయారుచేసినవి ఈ కుటుంబం ఇంజన్లే. టాటా లారీల్లో తిరిగాయి. దీనికి టైమింగ్ బెల్టు లేదు, చైనూ లేదు. క్రాంకు నుంచి క్యామ్‌కు, డీజిల్ పంపుకు అన్నీ పళ్ల చక్రాలే. వాటన్నిటినీ ముందువైపు ఒక అల్యూమినియం పెట్టెలో పెట్టి, మీద కవరు మూశారు. క్రాంకు కొస ఆ కవరును చీల్చుకుని బయటికి వస్తుంది. తిరిగే ఇనుముకూ కదలని కవరుకూ మధ్య ఉన్న ఆయిలు సీలే ఈ కథకు మూలం.

మూలం అని ఇప్పుడు తేలిగ్గా అనేశాను. మొదట చూసినప్పుడు ఇంజను అడుగు మొత్తం నల్లగా, తడిగా, గేరుబాక్సు దాకా ఒకటే జిడ్డు. ముందు కారిన ఆయిలును ఫ్యాను గాలీ రోడ్డు గాలీ కలిసి వెనక్కి తోస్తాయి. చుక్క గేరుబాక్సు దగ్గర పడుతోంది కాబట్టి వెనక సీలు పోయిందని ఒక షెడ్డులో తేల్చారట. ఆ లెక్కన గేరుబాక్సు దింపాలి. అన్నయ్య ఆ మాట విని, తల ఊపి, బండి ఇంటికి తెచ్చుకుని కడిగాడు.

కడగడం అని ఒక్క ముక్కలో చెబితే ఆ పనికి అన్యాయం. ఆల్టర్నేటరుకు ప్లాస్టిక్ సంచి కట్టి, జిడ్డు కరిగే మందు చల్లి, నానబెట్టి, బోల్టు తలల చుట్టూ, అతుకుల వెంబడి బ్రష్షుతో తోమి, నీటి ధార వేగం తగ్గించి కడిగాడు. ఎక్కువ వేగంతో కొడితే నీళ్లు కనెక్టర్లలోకీ సీళ్ల అంచుల్లోకీ దూరతాయి. ఆరిన తర్వాత ఆయిల్లో అతినీల కాంతికి మెరిసే రంగు కాస్త కలిపి, బండి తిప్పుకొచ్చి, చీకటి పడ్డాక అట్టపెట్టె పరుచుకుని కిందికి దూరాడు. మామూలు వెలుతురులో పొడిగా కనిపించిన చోట్ల కూడా ఆ లైటుకు పచ్చటి దారులు లేచాయి.

ఈ ఇంజనులో అనుమానించాల్సినవాళ్లు చాలామందే. డ్రైవరు వైపు బ్లాకు పక్కన, డీజిల్ పంపు చాటున ట్యాపెట్ కవరు ఉంటుంది. కారడంలో దానికి పాత పేరు. గేరు పెట్టె వెనక వాక్యూమ్ పంపు, దానికి అంటుకుని స్టీరింగ్ పంపు. ఆ రెంటి మధ్య సీలు పోవడమూ మామూలే. ఇంజను ఊపిరి వదిలే గొట్టం చివర ఒక సీసా ముందువైపు వేలాడుతుంది. అది నిండి చుక్కలు రాలిస్తే, చూసేవాడికి అచ్చం ముందు సీలు పోయినట్టే ఉంటుంది. అన్నయ్య ఏ ఒక్కదాని మీదా మనసు పారేసుకోలేదు. ఊపిరి గొట్టం చివర ఖాళీ డబ్బా కట్టి ఆ సీసాను లెక్కలోంచి తీసేశాడు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీదే ఊరికే ఉంచాడు. పిస్టన్ రింగులు అరిగి లోపల గాలి ఒత్తిడి ఎక్కువైతే ఆ మూత ఎగిరి కింద పడుతుంది. అలాంటి ఇంజనుకు ఎంత కొత్త సీలు వేసినా మళ్లీ కారుతుంది. మూత కాస్త వణికిందే గాని కదల్లేదు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఆ తర్వాతి చూపు. కవరు అతుకులోంచి కారిన ఆయిలు తిన్నగా కిందికి జారుతుంది. క్రాంకు సీలు దగ్గర కారినదాన్ని తిరిగే పుల్లీ గుండ్రంగా విసిరికొడుతుంది. పుల్లీ వెనక కవరు మీద చుక్కలు వలయంలా పడ్డాయి. అంతటితో సరిపెట్టుకోకుండా, ఆ భాగాన్ని మళ్లీ తుడిచి పాండ్స్ పౌడరు జల్లి, ఇంజను కాసేపు నడిపి ఆపాడు. అద్దుడు కాగితం మీద సిరా పాకినట్టు, సీలు పెదవి దగ్గర మొదలై మరక బయటికి పాకింది. కవరు అడుగు అంచున రెండో మరక, చిన్నది. వెనక సీలు వైపు ఏమీ లేదు.

పుల్లీ ఊడదీసే దాకా పని చకచకా సాగింది. ఫ్యానూ దాని చుట్టు తొడుగూ, బెల్టూ, నాలుగు బోల్టుల పుల్లీ. చాంబరులో ఆయిలు మాత్రం తియ్యలేదు. దాని మట్టం క్రాంకు సీలు కంటే కిందే ఉంటుంది గనక ఇప్పుడు తియ్యక్కర్లేదు. పనంతా అయ్యాక తీస్తే లోపల రాలిన నలుసులూ దాంతోపాటే పోతాయి.

నిజానికి సీలు ఒక్కటే మార్చాలంటే కవరు విప్పక్కర్లేదు. పాత సీలును పెరికి కొత్తది దిగ్గొట్టొచ్చు. అడుగు అంచున కనిపించిన చిన్న మరక కోసమే కవరు తీశానని అన్నయ్య అన్నాడు గానీ, ఆ మరక లేకపోయినా తీసేవాడనే నా అనుమానం. కారణం ఒక పిన్ను. గేరు పెట్టెను బ్లాకు మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి ఫ్యాక్టరీలో కొట్టిన ఉక్కు పిన్ను, సెంటీమీటరుకు కాస్త తక్కువ మందం. ఏళ్ల తరబడి అదురుకు అది కొద్దికొద్దిగా బయటికి జరిగి, కొన్ని బళ్లలో ఊడిపోతుంది. అదృష్టం బాగుంటే చాంబరులో పడి ఊరుకుంటుంది. బాగోలేకపోతే గేర్ల మధ్య పడి పళ్లు విరగ్గొడుతుంది, పెట్టెను పగలగొడుతుంది. అమెరికాలో ఈ బళ్లున్నవాళ్లు దానికి కిల్లర్ డవల్ పిన్ అని పేరు పెట్టుకున్నారు. కవరు తీస్తే అన్నయ్య బండిలో అది దాని చోటే ఉంది గానీ, అంచు బయటికి తొంగి చూస్తోంది. చిన్న డ్రిఫ్టు ఆనించి మెల్లగా లోపలికి తట్టాడు. పక్కనున్న బోల్టు తీసి, దాని కింద చిన్న ఉక్కు పట్టీ పెట్టి, పట్టీ కొస పిన్ను మీదికి వచ్చేలా తిప్పి, మరకు లాక్ చేసే మందు రాసి బిగించాడు. అంతవరకూ ప్రతి అడుగులోనూ అవసరానికి మించి చెయ్యని మనిషి, ఈ ఒక్కచోట అడగని పని చేశాడు. ఆ పిన్ను ఒక్క చుక్క కూడా కార్చలేదు, ఏ లైటుకూ మెరవలేదు. అయినా కవరు విప్పి ఉన్నప్పుడు దాన్ని వదిలేసే మెకానిక్కును నేనైతే నమ్మను.

పాత ప్యాకింగు గీకడంలో ఓపిక చూడాలి. అల్యూమినియం మెత్తన, ఉలి అంచు జారితే పడిన గీతలోంచే రేపు ఆయిలు కారుతుంది. గేర్ల సందుల్లో గుడ్డలు కుక్కి, ప్లాస్టిక్ గీకుడు చెక్కతో, మొండికేసిన చోట బ్లేడును దాదాపు పడుకోబెట్టి, అంగుళం అంగుళం తీశాడు. డ్రిల్లుకు తగిలించే గరుకు బిళ్లతో ఐతే క్షణాల్లో అయిపోతుంది కదా అన్నాను.

"దాని పొడి బేరింగుల్లోకి పోతే క్రాంకును సానబెడుతుందిరా. లైటు నా మొహం మీద కాదు, పని మీద పట్టు" అన్నాడు.

పెదనాన్న షెడ్డులో ప్యాకింగు కొనడం అరుదు. షీటును భాగం మీద పరిచి, సుత్తి గుండ్రటి తలతో అంచు వెంబడి తడుతూ పోతే, ఆ ఇనుప అంచే కత్తిగా మారి షీటును కోస్తుంది. బోల్టు రంధ్రాలూ అంతే. అచ్చుకు అచ్చు ప్యాకింగు చేతికొస్తుంది. ఆ విద్య అన్నయ్యకూ వచ్చు. ఇక్కడ వాడలేదు. అల్యూమినియం అంచు మీద తట్టడమంటే అంచును నలగ్గొట్టడమే. కొన్న ప్యాకింగే పెట్టాడు, గమ్ము లేకుండా.

కవరు బిగించడంలో ఒక వరస ఉంది. ముందు బోల్టులన్నీ వేలితో తిప్పి వదిలేశాడు. సీలు పెట్టెలోనే వచ్చే పనిముట్టును క్రాంకు మీదుగా కవరు రంధ్రంలోకి తోశాడు. దానివల్ల కవరు క్రాంకుకు సరిగ్గా నడిమధ్యకు వస్తుంది. ఒక పక్కకు ఒరిగి బిగిస్తే సీలు పెదవి ఒకవైపు నొక్కుకుని, ఇంకోవైపు వదులుగా ఉండిపోతుంది. మధ్యకు వచ్చాకే టార్క్ రెంచి తీశాడు. ఈ చిన్న బోల్టులకు కావలసింది 24 న్యూటన్ మీటర్లు, పుల్లీ బోల్టులకు 125. చేతి అలవాటు మీద బిగిస్తే ఎవరి చెయ్యైనా ఆ మొదటి అంకెను దాటిపోతుంది. ఒకేసారి కాకుండా, ఈ మూలా ఆ మూలా మారుస్తూ, రెండు విడతలుగా రెంచి టక్కుమన్న చోట ఆగాడు.

ఇక సీలు. పాత రబ్బరు సీళ్లకు పెదవి మీద ఆయిలు రాసి ఎక్కించడం అలవాటు. ఈ కొత్త సీలు పెదవి టెఫ్లాన్. దీన్ని పొడిగానే ఎక్కించాలి. ఇంజను తిరిగిన మొదటి నిమిషాల్లో టెఫ్లాన్ పలచటి పొరగా క్రాంకుకు అంటుకోవాలి, అది ఆయిలున్న ఇనుముకు అంటదు. అన్నయ్య బ్రేక్ క్లీనరుతో క్రాంకు కొసను తుడిచి, గుడ్డ మీద మరక పడనంత వరకు మళ్లీ మళ్లీ తుడిచి, చేతికి కొత్త గ్లవుజులు వేసుకున్నాడు. గోటితో తడిమి చూస్తే పాత పెదవి ఆనిన చోట సన్నటి గాడి తగిలింది. లోతైన గాడి అయితే దాని మీద పలచటి ఉక్కు తొడుగు ఎక్కించాలి. ఇది ఆ దాకా పోలేదు. అందుకని సీలును పూర్తి లోతుకు కొట్టకుండా పెదవి గాడి పక్కన అరగని చోట ఆనేలా కొంచెం ముందే ఆపాలనుకున్నాడు. వినడానికి తేలికే. కానీ అడుగుకు తగిలే దాకా కొడితే సీలు తనంతట తాను చదునుగా కూర్చుంటుంది. మధ్యలో ఆపితే ఆ చదును మన చేతిలో ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు మీదుగా సీలును జార్చి, పైనా కిందా కుడీ ఎడమా మార్చి మార్చి చిన్న దెబ్బలు వేస్తూ, మధ్యమధ్యలో వెర్నియరుతో నాలుగు చోట్లా లోతు కొలిచాడు. ఒకచోట తేడా వస్తే అక్కడొక్క దెబ్బ. నాలుగూ ఒక్కటయ్యాక ఇంకో దెబ్బ వెయ్యాలని నాకే చెయ్యి లాగింది. అతను సుత్తి కింద పెట్టాడు.

మిగిలినవి బిగించి, పాత ఆయిలు దింపి, ఫిల్టరు మార్చి, కొత్తది 15డబ్ల్యూ-40 పోశాడు. పది లీటర్లకు పైనే పడుతుంది. పాతదాన్ని డబ్బాల్లో పట్టి, వాడిన ఆయిలు తీసుకునే విడిభాగాల దుకాణంలో ఇచ్చొచ్చాడు.

బండి తిప్పి తెచ్చాక రాత్రి మళ్లీ ఆ లైటుతో చూశాం. కొత్త ఆయిల్లోనూ రంగు కలిపాడు. ముందువైపు కవరు, పుల్లీ వెనక, అంతా పొడి. ట్యాపెట్ కవరు కింద అంచున మాత్రం పచ్చటి సన్నని గీత ఒకటి ఉంది, జారేంత కాదు, చెమ్మ. దాని ప్యాకింగు మార్చాలంటే డీజిల్ పంపు దింపాలి, లేదా దాని సందుల్లోంచి చెయ్యి వంకర్లు తిప్పుతూ తంటాలు పడాలి. అన్నయ్య దాన్ని గుడ్డతో తుడిచి, తేదీ రాసిన టేపు ముక్క పక్కన అంటించాడు. డిప్‌స్టిక్ మట్టం దిగితే చూస్తాడట. లేకపోతే ఎప్పుడో పంపు దింపాల్సి వచ్చినప్పుడు దాని పనీ అప్పుడే.