మిగతాది రేపు

నేను ముద్దాయిల తరఫు లాయర్‌ని. యూసుఫ్‌గూడలో తెల్లవారి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో నల్లగొండ బస్సు పట్టుకుంటే పదిన్నరకు కోర్టు హాల్లో ఉంటాను. తిరిగి ఎప్పుడొస్తానో మాత్రం కేసు పిలిచేదాకా తెలియదు. పోయిన నెల ఒక సెషన్స్ కేసులో దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్ సగంలో ఉండగా పొద్దుపోయింది. "మిగతాది రేపు" అన్నారు జడ్జిగారు. మర్నాడు పొద్దున మా పాప బడిలో డాన్సు. "అమ్మా, బయల్దేరావా?" అని అది ఫోన్ చేసేసరికి నేను లాడ్జిలో గది కోసం తిరుగుతున్నాను.

జడ్జిగారిది తప్పు కాదు. హాజరైన సాక్షులంతా అయ్యేదాకా విచారణ రోజువారీగా సాగాలన్నది చట్టమే. పాత సీఆర్పీసీలో 309వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 346. క్రాస్ మధ్యలో నెల వాయిదా పడిందంటే సాక్షి జవాబులు సర్దుకుని వస్తాడు. జూనియర్‌ని పంపరాదా అంటారు మా అత్తగారు. చీఫ్ ఎగ్జామినేషన్‌లో ఏ మాట దగ్గర సాక్షి గొంతు తగ్గిందో డిపాజిషన్‌లో ఉండదు. విన్నవాళ్లే అడగాలి. జైల్లో ఉన్న ముద్దాయికీ పిల్లలున్నారు.

మా కింది వాటా ఆవిడకు ఈ తిప్పలు చెప్పక్కర్లేదు. జూనియర్ ఆర్టిస్టు. రేపు షూటింగ్ ఉందో లేదో రాత్రి ఫోనొస్తేనే తెలుస్తుంది. తెల్లారకముందే కృష్ణానగర్ చేరి వ్యానెక్కాలి. ఎవరికి పని పడితే వాళ్ల పిల్లలు రెండో ఇంట్లో తింటారు. ఆ రోజు పాపకు జడేసి, పూలు పెట్టి తీసుకెళ్లింది ఆమే. తను పంపిన వీడియో మధ్యాహ్నం బార్ హాల్లో కూర్చుని మూడుసార్లు చూశాను.

పని జరిగిన రోజు ఎంత దూరమైనా నాకు బాధ లేదు. తీరా వెళ్లాక "సార్ సెలవు", "సాక్షికి సమన్లు అందలేదు" అని వినే రోజులున్నాయి, అవి కోస్తాయి. పదకొండుకల్లా కొత్త తేదీ రాసుకుంటాం. ముద్దాయి మళ్లీ ఎస్కార్టు వ్యాన్ ఎక్కుతాడు. కూలి వదులుకుని వచ్చిన అతని భార్య నా మొహంలోకి చూస్తుంది.

మా లాయర్ల ఫోన్లలో ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. జడ్జిగారి సెలవైనా, సాక్షి రాడన్న కబురైనా తెలిసిన సాయంత్రమే అందులో పెట్టమని కోర్టు అధికారులను చేతులు జోడించి అడుగుతున్నాను.