వైద్యవిద్యకు బడిపంతులు పెట్టిన పరీక్ష

ఇరువదవ శతాబ్దమున వైద్యవిద్యను గూర్చి వెలువడిన రచనలలో ఫ్లెక్స్‌నర్ నివేదికకు వచ్చినంత పేరు మరి దేనికిని రాలేదు. దాని మీద వచ్చినన్ని ఆక్షేపణలును అరుదు. 1910లో ప్రకటితమైన ఈ నివేదికను వ్రాసిన అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్యుడు కాడు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరములో పందొమ్మిదేండ్లు పాఠములు చెప్పిన బడిపంతులు. తన సొంత బడిలో పరీక్షలుగాని, మార్కుల పట్టికలుగాని లేకుండగనే పిల్లలను కళాశాల చదువులకు సిద్ధముచేసినవాడు. అట్టివానికి కార్నెగీ ఫౌండేషన్ వైద్య కళాశాలల తనిఖీని అప్పగించెను. నివేదికకు గల బలము ఈ ఎంపికలోనే యున్నది. బలహీనతయు కొంత అందుండియే వచ్చినది.

ఆ నాడు అమెరికాలోని వైద్య కళాశాలలలో పెక్కు వ్యాపార సంస్థలు. విద్యార్థులు చెల్లించు ఫీజులే వాటికి ఆధారము. ఆ సొమ్మును బోధించువారే పంచుకొనుచుండిరి. ఉన్నత పాఠశాల చదువైనను పూర్తిచేయనివారికి ప్రవేశము లభించుచుండెను. శవపరీక్ష చేయకయు, రోగిని ముట్టి చూడకయు, కేవలము ఉపన్యాసములు విని పట్టా పుచ్చుకొన్నవారు తక్కువేమియు కారు. ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడా దేశములలోని 155 కళాశాలలను స్వయముగా చూచెను. ప్రతిచోటను ఐదు విషయములనే విచారించెను: ప్రవేశమునకు కావలసిన చదువెంత? ఉపాధ్యాయులెందరు, వారి శిక్షణ యెట్టిది? ఆదాయ మెంత? ప్రయోగశాలలు ఎట్లున్నవి? ఆసుపత్రితో సంబంధ మేమి?

ఒక కళాశాలలో గదుల తలుపుల మీద శాస్త్రముల పేర్లు చక్కగా వ్రాసియున్నవి గాని, అన్నిటికిని తాళములు వేసియున్నవట. ఫ్లెక్స్‌నర్ వెళ్ళిపోయినట్లు నటించి, మరల ఒంటరిగా వచ్చి, కావలివానికి కొంత సొమ్మిచ్చి తలుపులు తెరిపించెను. లోపల బల్ల, కుర్చీలు, నల్లబల్ల తప్ప మరేమియు లేవు. ఈ సంగతిని అతడు తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

నివేదిక యొక్క మూలవాదము సులభమైనది. వైద్యము ప్రయోగాత్మక శాస్త్రము. కావున దానిని చేతులతో చేసియే నేర్చుకొనవలెను. గట్టున నిలిచి ఈత నేర్చినవాడు లేడుగదా! జ్వరముతో వచ్చిన రోగిని చూచి వైద్యుడు మొదట ఒక ఊహ చేయును. మలేరియా కావచ్చునా, టైఫాయిడ్ కావచ్చునా అని యోచించును. రక్తపు బొట్టును గాజుపలకపై పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచును. మలేరియా పరాన్నజీవి కనబడిన ఊహ నిలుచును. కనబడనిచో మరల పరీక్షించును, లేదా ఊహను మార్చుకొనును. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేయు పనియు ఇదియే. ఈ సామ్యమును స్పష్టముగా చూపుట ఫ్లెక్స్‌నర్ చేసిన గొప్ప మేలు. అతనికి ఆదర్శము 1893లో ఆరంభమైన జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల. నాలుగేండ్ల చదువులో మొదటి రెండేండ్లు ప్రయోగశాలలో, తరువాతి రెండేండ్లు ఆసుపత్రిలో గడుపవలెనని అతడు నిర్దేశించెను.

1904లో సుమారు 160గా ఉండిన అమెరికా వైద్య కళాశాలలు 1920 నాటికి 85కు తగ్గెను. ఈ ఫలితమంతయు ఒక్క నివేదికదే యనుట సరికాదు. అమెరికా వైద్య సంఘము 1904లోనే విద్యామండలిని ఏర్పరచెను. మూతలు నివేదికకు ముందే ఆరంభమైనవి. నివేదిక ఆ ప్రవాహమునకు వేగము కలిగించెను.

ఇక లోపములు. మొదటిది కొలతకు సంబంధించినది. ఫ్లెక్స్‌నర్ గదులను, పరికరములను, ధనమును కొలిచెను గాని, అచట చదివిన వైద్యుడు రోగియొద్ద ఎట్లు మెలగుచున్నాడో కొలువలేదు. మంచి సాధనములున్నచోట మంచి వైద్యుడు తయారగునని అనుకొనుట ఊహయే; ఆ ఊహను అతడు పరీక్షించలేదు. ప్రయోగమును బోధించిన గ్రంథములో ఈ లోపము చిన్నది కాదు.

రెండవది న్యాయమునకు సంబంధించినది. నల్లజాతివారి కొరకు నాడుండిన ఏడు కళాశాలలలో హోవర్డ్, మెహారీ అను రెంటిని మాత్రమే నిలుపవలెనని నివేదిక చెప్పెను. మిగిలిన ఐదును 1923 నాటికి మూతపడెను. నల్లజాతి వైద్యుని అవసరమును సైతము ఫ్లెక్స్‌నర్ చాలవరకు తెల్లవారికి రోగములు సోకకుండుట అను దృష్టితోనే చూచెను. తరగతి గదిని అంత నిశితముగా చూచిన కన్నులు, ఆ గది మూతపడిన పిమ్మట వైద్యుడు లేక మిగిలిపోవు ప్రజలను చూడలేదు. అమెరికా వైద్య కళాశాలల సంఘము 2020లో తన పురస్కారమునుండి అతని పేరు తొలగించుటకు ఇదియే కారణము.

మూడవది ప్రణాళికలోనే యున్నది. రెండేండ్లు శాస్త్రము, రెండేండ్లు రోగి అని విభజించుటచే రెంటికిని నడుమ గోడ లేచెను. శరీరధర్మ శాస్త్రమును కంఠస్థము చేసిన విద్యార్థి, రోగి ఎదుటికి వచ్చునప్పటికి దానిని మరచుచుండెను. శాస్త్రపు వెలుగులో మానవీయ దృష్టి మరుగునపడుచున్నదని ఫ్లెక్స్‌నరే 1925లో వాపోయెను.

ఈ గోడను కూల్చుటకు పలువురు ప్రయత్నించిరి. 1952లో క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయము శాస్త్రములవారీగా గాక, గుండె, ఊపిరితిత్తులు మొదలగు అవయవ వ్యవస్థలవారీగా పాఠములను కూర్చెను. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయము రోగి సమస్యతోనే చదువు మొదలుపెట్టెను. 1975లో డండీ నగరమున రొనాల్డ్ హార్డెన్ ఒక కొత్త పరీక్షను ప్రకటించెను. అందు విద్యార్థి ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు పోవుచు, ఒకచోట నాడి చూచును, మరొకచోట రోగితో మాటలాడును. ప్రతిచోటను ముందే నిర్ణయించిన ప్రమాణములతో అతనిని అంచనా వేయుదురు. ఏది పరీక్షింతురో దానినే విద్యార్థి నేర్చునని బడిపంతుళ్ళందరికిని తెలియును. 1990లో జార్జి మిల్లర్ దీనినే నాలుగు మెట్లుగా చెప్పెను: తెలియుట, ఎట్లు చేయవలెనో తెలియుట, చేసి చూపుట, నిత్యజీవితమున చేయుట. ఫ్లెక్స్‌నర్ కొలువని పై మెట్టు ఇదియే.

భారతదేశమునకు ఈ చర్చ దూరమైనది కాదు. 1946లో భోర్ సంఘము నివేదిక సమర్పించునాటికి దేశమున సుమారు 47,500 మంది వైద్యులుండగా, అందు సుమారు 30,000 మంది తక్కువ కాలపు చదువు చదివిన లైసెన్షియేట్లు. ప్రమాణమును నిలుపుటకు ఆ చదువును మాన్పి, ఒకే పట్టము ఉంచవలెనని సంఘము చెప్పెను. పల్లెలకు వైద్యులు చాలరని కొందరు సభ్యులు విభేదించిరి. ప్రమాణమా, సంఖ్యయా అను చిక్కు అమెరికాలో వలెనే ఇచటను ఎదురయ్యెను. అయితే వైద్యుడు సంఘమునకు చెందినవాడు కావలెనని భావించి, నివారణ వైద్యమునకు మూడు నెలల శిక్షణను కోరుటలో భోర్ సంఘము ఫ్లెక్స్‌నర్‌కంటె ముందంజ వేసినది.

2019లో భారతదేశమున ప్రవేశపెట్టిన సామర్థ్యాధార ప్రణాళిక మొదటి సంవత్సరమునుండియే విద్యార్థిని రోగియొద్దకు పంపును. వైఖరి, నీతి, సంభాషణ అనువాటిని పాఠ్యాంశములుగా చేసెను. స్థానిక భాషకును చోటిచ్చెను. ఇది సముచితము. తెలుగు పల్లెలో కడుపు అను ఒక్క మాటయే జీర్ణాశయమును, గర్భమును కూడ సూచించును. గుండెల్లో మంట యన్నది పుల్లని త్రేన్పుల బాధ కావచ్చును, గుండెజబ్బుకు ముందు సూచనయు కావచ్చును. ఓపికగా రెండు ప్రశ్నలు వేసి విననివానికి ఈ భేదము తెలియదు; తెలియనిచో పోవునది రోగి ప్రాణము. అయితే సామర్థ్యముల పట్టిక ఎంత పొడవైనను, దాని ప్రక్కన సంతకములు పెట్టుటతో శిక్షణ ముగిసినచో, అది పేరు వ్రాసి తాళము వేసిన గదియే యగును.

ఫ్లెక్స్‌నర్ నివేదికలో నిలువదగినది అతని తీర్పులు కావు, తలుపు తెరచి చూచిన పద్ధతి. సూక్ష్మదర్శిని బీరువాలోనే యుండిపోవు ఉన్నత పాఠశాలకును ఆ పద్ధతి వర్తించును. రేపటి వైద్యుడు మొదట కూర్చుండునది అచటనే.