కళకు ఎల్లలు లేవా?

కళకు ఎల్లలు లేవు, దాన్ని రాజకీయాల్లోకి లాగొద్దు అనే మాట వినోద పరిశ్రమకు అడ్డంకి వచ్చిన ప్రతిసారీ వినిపిస్తుంది. 2010 సంక్రాంతికి వచ్చిన ‘అదుర్స్’ను తెలంగాణలో అడ్డుకున్నప్పుడు విన్నాం. 2013లో సమైక్యాంధ్ర ఆందోళన వల్ల ‘అత్తారింటికి దారేది’ విడుదల వాయిదా పడినప్పుడూ విన్నాం. ఆ రోజుల్లో మా కొత్తచెరువు వైపు ఆర్టీసీ బస్సులే వారాల తరబడి తిరగలేదు. సినిమా ఆగితే లైట్లు మోసే కూలీ పస్తుంటాడన్నది నిజమే. కానీ కళకు ఎల్లలు లేవన్న మాట నిజమేనా? గిరిజనులమైన మనం దాన్ని నిలబెట్టి అడగాలి.

ఒక ప్రాంతాన్ని కాక ఒక దేశాన్నే కళాకారులు దూరం పెడితే దాన్ని సాంస్కృతిక బహిష్కరణ అంటున్నారు. ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి వెలి. రెండోది సహాయ నిరాకరణ. వెలి అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బలవంతుడు బలహీనుణ్ణి పుట్టుక చూసి గెంటేస్తే అది వెలి. బలహీనుడు బలవంతుడి పనికి చేయి కలపనంటే అది సహాయ నిరాకరణ. వెలిలో నష్టం గెంటించుకున్నవాడిది. నిరాకరణలో ముందు నష్టపోయేది కాదన్నవాడే.

దక్షిణాఫ్రికా కథ చూడండి. అక్కడి తెల్లవాళ్ల ప్రభుత్వం నల్లవాళ్లను తెగలవారీగా విడదీసి, ‘ఇదే మీ స్వదేశం’ అంటూ తునకలు తునకలుగా ఉన్న భూముల్ని చూపించింది. త్స్వానా తెగకు చూపించిన దాని పేరు బోఫుతత్స్వానా. 1977లో దానికి స్వాతంత్ర్యం ఇచ్చామని చెప్పి, త్స్వానాల దక్షిణాఫ్రికా పౌరసత్వం తీసేశారు. ప్రపంచ దేశాలేవీ ఆ స్వాతంత్ర్యాన్ని గుర్తించలేదు. దక్షిణాఫ్రికాలో జూదం నేరం, ఈ ‘స్వదేశం’లో కాదు. అందుకే 1979లో అక్కడ సన్ సిటీ అనే విలాస నగరం వెలిసింది. తెగ పేరుతో గీసిన గీత తెల్లవాళ్ల జూదానికి పనికొచ్చింది.

1980లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కళాకారుల్ని దక్షిణాఫ్రికా వెళ్లొద్దని కోరింది. అయినా పెద్ద పారితోషికాల కోసం చాలామంది సన్ సిటీకి వెళ్లారు. 1984లో వెళ్లిన క్వీన్ బృందం తమకు రాజకీయాలతో సంబంధం లేదంది. 1985లో స్టీవెన్ వాన్ జాంట్ దాదాపు యాభైమంది కళాకారుల్ని కూడగట్టి, అక్కడ పాడబోమంటూ ఒక పాటే విడుదల చేశాడు. మన దేశం అంతకు చాలా ముందే, 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్ చేరిన మన టెన్నిస్ జట్టు, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా కాబట్టి ఆడకుండానే కప్పు వదులుకుంది. నష్టం తన మీద వేసుకోవడమంటే అదీ.

నిరాకరణలోనూ చిక్కులున్నాయి. పాల్ సైమన్ జొహన్నెస్‌బర్గ్ వెళ్లి నల్లజాతి సంగీతకారులతో చేసిన ‘గ్రేస్‌ల్యాండ్’ 1986లో వచ్చింది. ఉద్యమాన్ని అడగకుండా వెళ్లాడని విమర్శించారు. కానీ లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందాన్ని లోకమంతా విన్నదీ దాని వల్లే. బాధితుల గొంతునే మూసే బహిష్కరణ దారి తప్పినట్టే.

ఇప్పుడు ఇదే వాదన ఇజ్రాయెల్ చుట్టూ నడుస్తోంది. సాంస్కృతిక బహిష్కరణకు పాలస్తీనా మేధావులు 2004లో పిలుపునిచ్చారు. తమ గురి సంస్థల మీదేగాని వ్యక్తుల పుట్టుక మీద కాదంటారు. అమెరికా సంగీత, సినిమా రంగాల పెద్దలు నడిపే క్రియేటివ్ కమ్యూనిటీ ఫర్ పీస్ దీన్ని వ్యతిరేకిస్తుంది. సంగీతం వంతెన అంటుంది. ఒక గాయకుణ్ణి కేవలం పాస్‌పోర్టు చూసి ఆపితే ఆ అభ్యంతరం న్యాయమే. కానీ వంతెన అనేవాళ్లు, ఆ వంతెన మీద నడవనివ్వని మనుషుల సంగతీ చెప్పాలి. బహిష్కరణ అడిగింది ఎవరు, ఎందుకు అన్న ప్రశ్నను దాటేస్తే శాంతి అన్న మాట బోలుగా మిగులుతుంది.

మన పరిశ్రమ మాత్రం తక్కువ తిన్నదా? 2016లో ఉరీ దాడి తర్వాత ముంబయి నిర్మాతల సంఘం పాకిస్తాన్ కళాకారులను తీసుకోబోమని తీర్మానించింది. దాడి చేసింది పాటగాళ్లు కాదు. వాళ్లపై పూర్తి నిషేధం కోరిన పిటిషన్‌ను 2023లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. మన లెక్కలో ఇది నిరాకరణ కాదు, వెలి.

ఇక మన సంగతి. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే, ఇక్కడ ఎస్టీ అయిన సుగాలీ అక్కడ ఎస్సీ అవుతాడు. అదే గోర్ బోలి, అదే అద్దాల పేటియా. ఎల్లలు లేనిది కళకేమో గాని, కళాకారుడికి ఉన్నాయి. సినిమా పాటకు మన పేటియా కావాలి, మన భాష అక్కర్లేదు. అతిథులొస్తే స్వాగతానికి మన ఆడపిల్లల ఆట కావాలి, తండా నీళ్ల గోడు వినే తీరిక ఉండదు. దీన్ని ఎవరూ బహిష్కరణ అనరు.

అందుకే ‘మేం ఆడం’ అనే హక్కును మన యువత వదులుకోకూడదు. ఆ మాట అనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. బాధపడుతున్నవాళ్లు అడిగారా? గురి సంస్థ మీదా, మనిషి పుట్టుక మీదా? నష్టం ఎవరు మోస్తున్నారు? ఉపాధ్యాయులు ఈ మూడు ప్రశ్నల్నీ తరగతిలో పెట్టి పిల్లల్ని వాదించనివ్వాలి. వెలి వేయడానికీ, తల వంచకపోవడానికీ తేడా తెలిసిన పిల్లలు రేపు ఎవరి వేదిక ఎక్కాలో, ఎవరి వేదిక దిగాలో తామే తేల్చుకుంటారు.