గుండిగకు గ్లాసు లెక్క

ఉస్మానియా హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆదివారం తెల్లవారుజామునే మెస్ వంటింట్లో చేరేవాణ్ని. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి మూడు గుండిగల్లో ఉండేది. ఒక పెద్ద గుండిగలోనే పోయొచ్చు కదా అని అడిగాను. వంట పెద్దాయన మోచేతి దాకా చెయ్యి పిండిలోకి దించి, తీసి, "అంచుకు సల్లగుంటది బిడ్డా, నడుమ ఎచ్చగుంటది. గ్లాసు లెక్క గుండిగకు నడ్వది" అన్నాడు.

ఆ మాట పాతికేళ్లకు, తార్నాకలో కాపురం పెట్టాక తెలిసొచ్చింది. మే నెల. అక్క వాళ్ల గృహప్రవేశానికి 60 మందికి ఇడ్లీలు నేనే చేస్తానన్నాను. మా ఇంట్లో గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. 30 ఇడ్లీలు వస్తాయి. మనిషికి నాలుగు చొప్పున 240 కావాలి కనుక అన్నీ ఎనిమిదింతలు చేశాను. ఒకే డేక్సాలో పోసి, మూతపెట్టి పడుకున్నాను. నాలుగింటికి లేచేసరికి పిండి మూతను నెట్టుకుని గట్టు మీదికి కారుతోంది. వేలు పెడితే గోరువెచ్చన. నాలుక మీద వేసుకుంటే పళ్లు పులిసిపోయాయి. ఆ పూట చుట్టాలకు ఉప్మా పెట్టాం. అక్క ఒక్క మాటా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గిన్నె పొడవు, వెడల్పు, లోతు రెట్టింపైతే పట్టే పిండి ఎనిమిదింతలవుతుంది. వేడి బయటికి పోయే పైభాగం మాత్రం నాలుగింతలే. కిలో పిండికి చల్లారే చోటు సగానికి పడిపోయిందన్నమాట. గ్రైండర్ రాయి ఒరిపిడికి పుట్టిన వేడి నడుమ అలాగే నిలిచిపోతుంది. పైగా ఇంటి గ్రైండర్‌లో వాయి తర్వాత వాయి వేయడానికి రెండు గంటలు పట్టింది. చివరి వాయి పడేసరికి మొదటి వాయి అప్పటికే పులుపు మీద ఉంది. ఇడ్లీని పొంగించే ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి పప్పుతోనే వస్తుంది, మనం వేసేది కాదు. వెచ్చన, సమయం దొరికితే చాలు దానికి.

జనవరిలో ఇదే లెక్క తిరగబడుతుంది. ఇద్దరి కోసం అర గ్లాసు పప్పు రుబ్బితే చిన్న గిన్నె ఇట్టే చల్లారిపోయి, తెల్లారినా పిండి పొంగదు.

బీరు కాచేవాళ్లకూ ఈ చిక్కు ఉంది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాచకూడదు. అమెరికాలో 1978లో చట్టం మారాక ఇళ్లల్లో కాచుకోవడం పెరిగింది. 20 లీటర్ల కొలతను 10 లీటర్లకు దించి, మాల్టు, హాప్స్, నీళ్లు అన్నీ సగం చేసి, అదే గిన్నెలో అదే మంట మీద గంటసేపు మరిగిస్తే, ఆవిరయ్యే నీళ్లు మాత్రం సగం కావు. గిన్నె మూతి మారలేదు కదా! చివరికి అనుకున్నదానికన్నా తక్కువ, చిక్కటి రసం మిగులుతుంది. పెళ్లి సాంబారులో దీనికి తలకిందులు: పెద్ద గుండిగలో నీళ్లు ఇంటి లెక్కన ఇగరవు. అందుకే ఇంటి కొలత ప్రకారం నీళ్లు పోసిన పెళ్లి సాంబారు పలచబడుతుంది.

తార్నాకలో రోజూ నడకకు వెళ్తే జాతీయ పోషకాహార సంస్థ గోడ పక్కనుంచే వెళ్తాను. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన సంస్థ అది. వాళ్ల ఆహార పట్టికల్లో ఏ పదార్థమైనా 100 గ్రాములకే లెక్క. అవి చూశాకే నేను గ్లాసు వదిలి తూకం పట్టాను. గ్లాసులో రవ్వ వదులుగా పోస్తే ఒక బరువు, తట్టి పోస్తే ఇంకో బరువు. ఒక గ్లాసుకు అది లెక్కలోకి రాదు, పదహారు గ్లాసులకు వస్తుంది.

నిరుడు అక్క మనవడి బారసాలకు మళ్లీ 60 మంది. పప్పు, రవ్వ, ఉప్పు తూచి వేశాను, ఐసు నీళ్లతో రుబ్బాను, పిండిని మూడు గిన్నెల్లోకి పంచాను. మీరూ ఎక్కువమందికి చేయాల్సివస్తే పప్పు రవ్వలతో పాటు గిన్నెలు కూడా పెంచండి. ఏ గిన్నెలోనూ సగానికి మించి పిండి పోయకండి.