మేడబస్సు మెట్లు – గుండె ఆరోగ్యము

నిత్యకృత్యములలోని శ్రమకును గుండె ఆరోగ్యమునకును గల సంబంధమును చూపిన తొలి పరిశోధనలలో, జెరెమీ మోరిస్ బృందము 1953లో ‘లాన్సెట్’ పత్రికయందు ప్రకటించిన వ్యాసము ముఖ్యమైనది. సుమారు 31,000 మంది లండన్ రవాణా కార్మికులను వారు పరిశీలించిరి. డ్రైవరు పనివేళలో అధికభాగము కూర్చొనియే యుండెడివాడు. రెండంతస్తుల బస్సులో కండక్టరు టిక్కెట్లకై దినమునకు కొన్ని వందల మెట్లు ఎక్కెడివాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడెను. వచ్చినను, దానివలన వెంటనే మరణించినవారు తక్కువ.

ఒకే సంస్థలో, ఒకే బస్సుపై పనిచేయువారిని పోల్చుటయే ఈ పరిశోధనకు బలము. అయితే ఇందొక లోపము కలదు. ఎవరు డ్రైవరో, ఎవరు కండక్టరో నిర్ణయించినది పరిశోధకులు కారు. స్థూలకాయులే డ్రైవరు పనిలో చేరియుండవచ్చును కదా! 1956లో మోరిస్ బృందమే యూనిఫారముల కొలతలను పరిశీలింపగా, డ్రైవర్ల నడుము కొలత పడుచువారిలో సైతము ఎక్కువగా తేలినది. తమ వాదమునకు అడ్డువచ్చు సాక్ష్యమును తామే వెదకి ప్రకటించుట ప్రశంసనీయము.

కావున ఈ ఒక్క వ్యాసమును చూచి, మెట్లెక్కినవానికి గుండెజబ్బు రాదనుట తగదు. కాని తరువాతి అనేక పరిశోధనలు దీని సారమును బలపరచినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ శ్రమను సూచించుచు, పది నిమిషములకు తక్కువైన శ్రమ లెక్కకు రాదను పూర్వనియమమును తొలగించినది. నడచి బజారునకు పోవుట, ఇల్లు ఊడ్చుట, నీళ్లు మోయుట – అన్నియు లెక్కలోనివే.

తరగతిలో ఈ పరిశోధనను చెప్పునపుడు 1953 నాటి ఫలితముతో ఆపక, 1956 నాటి సందేహమును కూడ చెప్పవలెను.