రుక్మిణి నిరాహారము

పోతనామాత్యుని దశమస్కంధమున రుక్మిణీకల్యాణఘట్టము మన పాఠశాలలయందు మిక్కిలిగాఁ బఠింపఁబడునది. అగ్నిద్యోతనుఁడను బ్రాహ్మణుని ద్వారకకుఁ బంపి యతని రాకకై యెదురుచూచుచున్న కన్య యవస్థను వర్ణించుచు, ఆమె కురులు ముడుచుకొనదనియు, అన్నమును నీటిని ముట్టదనియు, పెంపుడుచిలుకకుఁ బాఠము చెప్పదనియుఁ గవి యొక చిన్న పద్యమునఁ జెప్పినాఁడు. పద్యము ప్రసిద్ధమే. కాని దానికి మన పండితులు సాధారణముగాఁ జెప్పు వ్యాఖ్య నాకుఁ దృప్తికరముగా లేదు.

వ్యాఖ్య యిది: చక్షుఃప్రీతి మొదలు మరణము వఱకు నాలంకారికులు పరిగణించిన పది మన్మథావస్థలలోఁ గార్శ్యము, విషయనివృత్తి యనునవి యిచట వర్ణితములు; కావున నిది విప్రలంభశృంగారము. ఇంతటితోఁ బాఠము ముగియును. బాలికలు దానిని వ్రాసికొని పరీక్షలో నప్పగింతురు. లక్షణము సరిపోలేదని నే ననను. లక్షణము సరిపోయినంతమాత్రమున లక్ష్యము బోధపడినట్లు కాదు.

మూలమును జూతము. వ్యాసభాగవతము దశమస్కంధము 53వ యధ్యాయమున నీ సందర్భమునందు రుక్మిణి కన్నీరు నిండిన కనులు మూసికొన్నదని మాత్రమే యున్నది. కురుల మాట లేదు, స్నానము లేదు, అన్నము లేదు. ఇవి తెలుఁగుకవి చేర్చినవి. అంతకు ముందటి యధ్యాయమున, సందేశము చివర, ప్రాణములకు విశేషణముగా 'వ్రతకృశ' మను సమాసము గలదు. వ్రతములచేఁ గృశించినవని తృతీయాతత్పురుషము. కృష్ణుఁడు తన్ను గ్రహింపకున్నచో నుపవాసాదివ్రతములచే శుష్కించి ప్రాణములు విడుతునని యామె తాత్పర్యము. అనఁగా మూలమున నిరాహారము రాఁబోవు కాలమునకుఁ జెందిన ప్రతిజ్ఞ. పోతన దానిని వర్తమానమునకుఁ దెచ్చి యింటిలోనికిఁ దెచ్చినాఁడు. పెండ్లిసన్నాహము జరుగుచుండఁగా, వండిన యన్నము సిద్ధముగా నుండఁగాఁ, గూఁతురు తినుట లేదు. ఈ రెంటికిని జాల దూరము గలదు.

భోజనము మానుట యనున దొకే రూపమునఁ గనఁబడుచు ననేకార్థముల నిచ్చునని వైయాకరణులకుఁ గ్రొత్తగాఁ జెప్పఁ బనిలేదు. పాణిని 1-4-48 సూత్రముచే ఉపపూర్వకమగు వసధాతువున కాధారము కర్మయగును. హరి వైకుంఠమున నుండుననుటకు ద్వితీయ వచ్చును. ఆ ధాతువే భోజననివృత్తి యను నర్థమునఁ బ్రయుక్తమైనచో నా విధి ప్రవర్తింపదని వార్తికము. వనమునం దుపవసించుననుటకు సప్తమియే. ధాతు వొక్కటి, క్రియారూప మొక్కటి. ప్రక్కనున్న విభక్తిని జూచినఁగాని యతఁ డచట నుండుటయో తిండి మానుటయో తెలియదు. ఇంటి యాఁడుది తినకున్నప్పుడును నంతే. దేవునికై మానినదా, దుఃఖమున సహింపక మానినదా, గింజలు లేక మానినదా, చెప్పినమాట యెవరును వినరని మానినదా యనుట కంచము చెప్పదు.

మన జనభాష యీ భేదములకు వేఱువేఱు పదముల నుంచుకొన్నది. శనివారపు నియమము ఒక్కప్రొద్దు. లేమిచే వచ్చినది పస్తు. (అమరమున నుపవాసమునకుఁ బర్యాయమగు ఔపవస్తముతో దీనికి సంబంధము గలదని నా యూహ, ఆ చర్చ యిచట వలదు.) మనసు నొచ్చి మానినది అలుక. "అలిగి పండుకొన్నది" యని మా హసన్‌పర్తిలో నెవరైన ననినచో, ఆమె తినలేదని వేఱుగాఁ జెప్పనక్కఱ లేదు.

అలుకకుఁ బండుగలోఁ జోటిచ్చినవారును మా సీమ స్త్రీలే. హనుమకొండ వేయిస్తంభముల గుడియొద్ద ఎంగిలిపూల బతుకమ్మతోఁ బ్రారంభమై సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిది దినములలోఁ బెక్కింటికి నైవేద్యముచేతనే పేరు: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, వెన్నముద్దలు. ఆఱవనాఁడు మాత్రము అలిగిన బతుకమ్మ. ఆనాఁడు పూలు పేర్పరు, నైవేద్యము పెట్టరు. కారణము నూరూర వేఱుగాఁ జెప్పుకొందురు. అన్నము లేని యా దినమునకు నుపవాసమని గాక యలుక యని పేరిడినవారు దశావస్థలు చదివినవారు కారు. వారికిఁ దెలిసినది పోతనకును దెలియును. బమ్మెర యీ సీమలోనిదే. అతఁడు సేద్యముచే జీవించెనని ప్రతీతి.

నందితిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యలుకను దీనితోఁ బోల్చిచూడుఁడు. మాసిన చీర, మౌనము, నగలు తీసివేయుట, నొసటి కట్టు, చీఁకటియింటిలోని శయ్య యన్నియు నా ప్రసిద్ధపద్యమునఁ గలవు. అన్న మందు లేదు. అది యాస్థానకవి చూచిన యలుక. కనులకు రమ్యముగా నుండును. పోతన చూపు వంటింటి గడపవఱకు వెళ్ళినది. తిమ్మన రసపోషణమును నేను దక్కువ చేయుట లేదు. సత్యకుఁ దీర్చు భర్త యున్నాఁడు, ఆమె యలుక వినఁబడును. రుక్మిణి కన్నియ. బంధువులు కృష్ణున కీయ నిచ్చగించినను రుక్మి యొక్కఁడు వారిని వారించి శిశుపాలునకు నిశ్చయించినాఁడు. చెప్పవలసిన మాటను రహస్యముగా బ్రాహ్మణునిచేతఁ బంపినది. ఇఁక నామె చేతిలో మిగిలినది తన కబళమే. దీనిని గార్శ్యమని పేరుపెట్టి సౌందర్యవర్ణనలోఁ జేర్చుట కథను జదువకుండుటయే.

కాళిదాసు రఘువంశతృతీయసర్గమున సుదక్షిణ సిగ్గుచేఁ దన కోరికను జెప్పదని దిలీపుఁడు మాటిమాటికిఁ జెలికత్తెల నడిగి తెలిసికొనును. ఈమె తిండి నొక మాటగా విన్న పురుషుఁడు కావ్యములలో నరుదు. సుశ్రుతుఁడును రెండు హృదయములు గలది గావున గర్భిణి దౌహృదిని యనియు, ఆమె కోరికఁ దీర్పకున్న శిశువు వికలాంగుఁ డగుననియుఁ జెప్పినాఁడు. ఇచట శాస్త్రముపై నా కొక యాక్షేపణ గలదు. భయము శిశువును గూర్చియే. రెండు హృదయము లున్నప్పు డడుగుదురు; ఒక్క హృదయమే యున్నప్పు డామె నేమి వలయునని యడుగువా రెవరు? భారతమున నక్షయపాత్రయు ద్రౌపది భుజించువఱకే. అందఱకును వడ్డించినపిదప నామె తినుటయే యానాఁటి యన్నము ముగిసినదనుటకు గుఱుతు.

ఇది కావ్యచర్చ మాత్రమే యని కొట్టివేయరాదు. 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత గలదు. అది పస్తువలనిదియు, చివరఁ దినుటవలనిదియు, వేఱు కారణములదియుఁ గూడ నగును. మనసువలన నన్నము సహింపకుండుట వేఱు వ్యాధి. మాధవనిదానము శోకభయక్రోధములచేఁ బుట్టు నరోచకమును జెప్పినది. 1873లోఁ బారిసున లాసేగును, లండనున గల్లును బడుచుపిల్లలు తిండి మాని శుష్కించు రోగమును వివరించిరి. నేఁడది ప్రాణాంతక మగునని వైద్యు లెఱుఁగుదురు. తరగతిలో ముందువరుసఁ గూర్చున్న బాలిక కీ పద్యమును జెప్పుచుఁ గృశాంగియే రమ్యయని నొక్కి చెప్పు గురువు తానేమి బోధించుచున్నాఁడో చూచుకొనవలదా?

దశావస్థల పట్టికను విడువుఁడని నేను జెప్పుట లేదు. దానిని రెండవ ప్రశ్నగా నుంచవచ్చును. మొదటి ప్రశ్న: ఆ యింట నామె తినలేదని యెవరు గమనించిరి? పోతన కథలో నెవరును గమనించినట్లు లేదు, కవి తప్ప. బ్రాహ్మణుఁడు తిరిగివచ్చి శుభవార్త చెప్పినపు డామె యతనికి నమస్కరించును. అపు డన్నము దినెనని కవి చెప్పఁడు.