కోటు మీద బంగారు తాళంచెవులు

పారిస్‌లోనో వియన్నాలోనో పెద్ద హోటల్‌లో దిగితే, రిసెప్షన్ పక్కనుండే కాన్సియెర్జ్ (అతిథుల అవసరాలు చూసే ఉద్యోగి) బల్ల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. అక్కడి మనిషి కోటు కాలర్‌కు రెండు వైపులా, ఒకదానిమీదొకటి వాలిన బంగారు తాళంచెవులు కనిపిస్తే ఇక మీకు దిగుల్లేదు. ఆ గుర్తు ‘లే క్లే దోర్’ అనే కాన్సియెర్జ్‌ల సంఘానిది. 1929లో పారిస్‌లో మొదలై, 1952లో కాన్ నగరంలో అంతర్జాతీయ సంఘమైంది.

హోటల్‌కు మనం పోసే డబ్బుకు అసలు ఫలం ఈయన దగ్గరే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. పారిస్‌లో మంగళవారం లూవ్ర్ మ్యూజియం చూస్తామంటే, ఆ రోజు దానికి సెలవనీ, సోమవారం ఓర్సే మ్యూజియం తెరవరనీ చెప్పి, ప్రయాణాన్ని అక్కడికక్కడే సర్దేస్తారు. మిలాన్‌లో డావిన్చి ‘లాస్ట్ సప్పర్’ ముందు నిలబడనిచ్చేది 15 నిమిషాలే, టికెట్లేమో చాలా ముందే అయిపోతాయి. అందుకే మీరు ఇంట్లో ఉండగానే తేదీలు అడిగి పెట్టుకుంటారు.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఆయన అడిగే తీరు. పెద్దవాళ్లున్నారా? మెట్లెక్కగలరా? గుడ్డు తింటారా? మనలాంటి శాకాహారులైతే రెస్టారెంట్‌కు స్వయంగా ఫోన్ చేసి, కూరగాయల సూప్‌లో మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారేమో కనుక్కుంటారు. ఆ తర్వాతే టేబుల్ ఖాయం చేస్తారు.